గాయంలో వత్తి

వత్తి అనగానే మనకి దీపం గుర్తొస్తుంది. కార్తీకం వస్తోందంటే దూది ముందేసుకుని, విభూది చేత్తో వత్తులు చేసే పెద్దవాళ్ళు గుర్తొస్తారు. మా నాయనమ్మ మాటల్లో దానికి ఇంకో వాడుక కూడా ఉండేది. సెగగడ్డ కోసి చీము తీశాక ఆ గుంటలోకి సన్నటి గుడ్డపేలిక దూర్చడాన్ని ఆవిడ 'వత్తి పెట్టడం' అనేది. పల్లెటూరి మొరటు మాటలా వినిపిస్తుంది గానీ శస్త్రవైద్యంలో అది చాలా పాత మాట. సుశ్రుత సంహిత సూత్రస్థానం అయిదో అధ్యాయం, కోసిన పుండులో నువ్వుల ముద్ద, తేనె, నెయ్యి పట్టించిన 'వర్తి'ని ఉంచి కట్టు కట్టమంటుంది. ఆ వర్తే మన వత్తి.

అక్కడే ఇంకో హెచ్చరిక ఉంది. లోపల దోషం మిగిలుండగా తొందరపడి పైపైన మాన్పించొద్దని, అలా చేస్తే లోపల సంచి కట్టి మళ్ళీ తిరగబెడుతుందని. గాయం అడుగునుంచి పైకి పూడుకుంటూ రావాలి, చర్మం ముందే మూసుకోకూడదు, అందుకే లోపల గుడ్డ. ఇప్పటి సర్జన్లు చెప్పే కారణం కూడా ఇదే. పద్ధెనిమిదో అధ్యాయంలో లోపల పెట్టే గుడ్డకి 'వికేశిక' అని పేరు. అది మరీ జిడ్డుగా ఉంటే గాయం నాని చివుకుతుందనీ, మరీ పొడిగా ఉంటే చీరుకుంటుందనీ, సరిగ్గా పెట్టకపోతే అంచులు ఒరుసుకుంటాయనీ రాసి ఉంది. చేత్తో చేసి చూసినవాళ్ళు తప్ప రాయలేని వాక్యాలవి.

ఆ చేతులు ఎవరివి? గ్రంథం వైద్యుణ్ణి చూపిస్తుంది, అతని పనిముట్లను చూపిస్తుంది. ఆడవాళ్ళ కోసం వెతుక్కుంటూ పోతే పంతొమ్మిదో అధ్యాయంలో కనిపిస్తారు. గాయపడ్డవాడు ఇంట్లో ఎలా ఉండాలో చెప్పే అధ్యాయం అది. స్నేహితులు కబుర్లు చెప్పి బాధ మరిపించాలి, పొందుకి వీలైన స్త్రీలను మాత్రం చూడనూ కూడదు, మాట్లాడనూ కూడదు, తాకనూ కూడదు. వాళ్ళు దగ్గరుంటే శుక్రం చలించి గాయానికి చేటట. రోగి మగవాడే అన్నది ఎలాగూ ఖాయం. మరి ఆ ఇంట్లో నువ్వులు నూరింది ఎవరో, చీము గుడ్డలు ఉతికింది ఎవరో గ్రంథానికి పట్టలేదు.

మన ఊళ్ళ సంగతికొస్తే పుస్తకం లేని వైద్యం వేరే చేతుల్లో ఉండేది. కురుపు కోయడం మంగలి పని. తెలుగు నేల మీద చాలాచోట్ల ఆ ఇంటి ఆడవాళ్ళే మంత్రసానులు. కొన్నిచోట్ల దళిత స్త్రీలు ఆ పని చేసేవాళ్ళు. రక్తం, చీము, మాయ ముట్టుకునే పని కాబట్టి అది కింది కులాలకు చెందింది, ఆ పని చేస్తారు కాబట్టి వాళ్ళు కింద ఉండాల్సొచ్చింది. నెత్తుటి గుడ్డని పట్టుకున్న చేతికి జ్ఞానం కూడా ఉంటుందని ఒప్పుకోవడం పైకులాల ఇళ్ళకి చేతకాలేదు.

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఇవన్నీ నాకు కాగితం మీద తెలిసిన విషయాలు. వత్తి నా చేతికి నిజంగా వచ్చింది 2019 వేసవిలో. మా అమ్మాయికి తొలికాన్పు, ఆచారం ప్రకారం పుట్టింట్లో. సిజేరియన్ చేసి అయిదోరోజు ఇంటికి పంపారు. ఎనిమిదోరోజు కుట్ల దగ్గర ఎర్రబడి నీరు కారడం మొదలైంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు రెండు కుట్లు విప్పి చీము తీశాడు. లోపలి పొర గట్టిగానే ఉంది, ఇది పైన కొవ్వులో వచ్చిన ఇన్‌ఫెక్షనే, మళ్ళీ కుట్టకుండా వదిలేస్తే అదే పూడుకొస్తుందన్నాడు. చూపుడువేలు మొదటి కణుపు దాకా దిగేంత గుంట. ఆయన ఈ సంగతులన్నీ మా అల్లుడి వైపు చూసి చెప్పాడు. గాజ్ పొట్లం మాత్రం నా చేతికిచ్చాడు. కాగితం మీద ఒకటే ముక్క: 'రోజూ డ్రెస్సింగు'. ఎవరు, ఎక్కడ, ఎలా అన్నది ఆ వాక్యంలో లేదు. వ్యాకరణంలో కర్త లేకపోయినా పని జరిగిపోయే వాక్యాలు ఆడవాళ్ళ కోసమే పుట్టాయేమో!

పచ్చి బాలింతని, పసిగుడ్డుని రోజూ ఆటోలో తిప్పలేక, ఇంట్లో నేను చేస్తాను, నేర్పండి అనడిగాను. డాక్టరు సిస్టర్ని చూపించాడు. నలభై ఏళ్ళుంటాయేమో ఆవిడకి. మొదటిరోజు తను చేస్తూ నన్ను చూడమంది, రెండోరోజు నాతో చేయించింది. నేను గాజ్‌ని గట్టిగా దూరుస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "కుక్కొద్దు మేడమ్. దిండుల దూది నింపుతున్నమా? మెల్లగ పరువాలె. అడుగు తాకాలె, అంచు తాకాలె, ఒత్తొద్దు" అంది.

ఆ మాటలో మొత్తం విద్య ఉంది. అర్థగంట ముందు నొప్పి బిళ్ళ. సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. పాత గాజ్ అంటుకుపోతే పీకకుండా సెలైన్ పోసి నాననివ్వాలి. బయటికొచ్చిన గుడ్డ రంగు చూడాలి, వాసన చూడాలి. గుంటని సెలైన్‌తో కడిగి, కొత్త గాజ్‌ని తడిపి పిండాలి, కారకూడదు, తడి మాత్రం ఉండాలి. ఒకే పొడుగాటి పేలికని ఫోర్సెప్స్‌తో అడుగునుంచి మడతలు మడతలుగా వదులుగా పరుచుకుంటూ రావాలి. కొస బయటికి కనిపించాలి, లేకపోతే లోపల ఒక ముక్క మర్చిపోయే ప్రమాదం. పైన పొడి గాజ్, ప్లాస్టరు. ఎరుపు చుట్టూ పాకుతున్నా, జ్వరమొచ్చినా, కంపు కొట్టినా, నెత్తురు ఆగకపోయినా వెంటనే రమ్మని ఆవిడ మూడుసార్లు చెప్పింది. ఎందుకు వదులుగా ఉండాలో కూడా చెప్పింది. గట్టిగా కుక్కితే లోపలి సన్న నెత్తురు నాళాలు నలుగుతాయట, చీము బయటికి రాక లోపలే నిలుస్తుందట. సుశ్రుతుడి మూడు జాగ్రత్తలకి ఆవిడ చెప్పినవి వ్యాఖ్యానంలా ఉన్నాయి. ఆవిడ ఏ సంహితా చదవలేదు. ఏ సంహితా ఆవిడ గురించి రాయలేదు.

పనికంటే దాన్ని రోజులో ఇరికించడం కష్టం. పాపకి పాలు పట్టి పడుకోబెట్టిన నలభై నిమిషాల్లో కానిచ్చేయాలి. పాప మధ్యలో ఏడిస్తే తల్లికి పాలు కారతాయి, పొట్ట బిగుసుకుంటుంది, గాయం కదులుతుంది. బంధువులేమో పప్పు తింటే చీము పడుతుందని వారంరోజుల పాటు దానికి కారప్పొడీ అన్నమూ తప్ప మరేదీ పెట్టొద్దన్నారు. కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి కదా, నేను పప్పూ పెట్టాను, గుడ్డూ పెట్టాను. నాలుగోరోజు మా అమ్మాయి అద్దం అడిగింది. తన పొట్టలో ఏముందో అందరూ చూశారు, తనొక్కతే చూడలేదంది. చూసి, "ఇంతేనా!" అంది. ఆ తర్వాత ఎప్పుడు నొప్పి ఎక్కువవుతోందో, ఎక్కడ ఆపాలో తనే చెప్పేది, నేను తన మాట ప్రకారం చేసేదాన్ని.

ఆ రోజుల్లో నాకు మాటిమాటికీ గుర్తొచ్చిన పేర్లు మూడు. అనార్కా, లూసీ, బెట్సీ. అమెరికాలోని అలబామాలో, 1845 నుంచి 1849 దాకా, కాన్పులో మూత్రాశయం చిరిగిన బానిస స్త్రీల మీద జె. మేరియన్ సిమ్స్ మత్తు లేకుండా ఆపరేషన్లు చేస్తూ పోయాడు. అనార్కా మీద దాదాపు 30 సార్లు. ఈ కథలో నన్ను వెంటాడేది ఇంకో భాగం. విఫలమవుతున్నకొద్దీ సాయంగా ఉండే తెల్ల డాక్టర్లు జారుకున్నారు. అప్పుడతను ఆ స్త్రీలకే పని నేర్పించాడు. ఒకరి ఆపరేషన్‌లో ఇంకొకరు పట్టుకోవాలి, అందించాలి, ఆ తర్వాత చూసుకోవాలి. అంటే ఆధునిక స్త్రీరోగ శస్త్రవైద్యంలో తొలి నర్సులు కొందరు ఆ బల్ల మీది రోగులే. సిమ్స్‌కి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు, 2018లో తీసేశారు. ఆ ముగ్గురి చేతిపని గురించి మనకి మిగిలినదంతా అతను రాసుకున్నదే.

అక్కడ రోగులే నర్సులైన కాలంలో ఇంగ్లండు ఆసుపత్రుల్లో కట్లు కట్టే పని 'డ్రెస్సర్'ది. ఆ డ్రెస్సరు వైద్యం చదువుకుంటున్న కుర్రవాడు. మద్రాసు రాష్ట్రపు ఆసుపత్రుల్లోనూ కాంపౌండరు, డ్రెస్సరు అనేవి మగవాళ్ళ కొలువులే. జీతం ఉన్నంతవరకూ కట్టు మగపని అన్నమాట. 1859 నాటి 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో ఫ్లోరెన్స్ నైటింగేల్ ప్రతి స్త్రీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు నర్సే అంటుంది. ఆమె ఉద్దేశం ఆ పనికి జ్ఞానం కావాలని. లోకానికి వినిపించింది మాత్రం అది ఆడదానికి పుట్టుకతో వచ్చేస్తుందని. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కుళ్ళకుండా ఆపిన పద్ధతి ప్రకటించాక కట్టు శాస్త్రమైంది. 1880లో గామ్జీ రెండు గాజ్‌ల మధ్య దూది పెట్టిన కట్టు తెచ్చాడు. పేర్లు వాళ్ళవి మిగిలాయి. రోజురోజూ మార్చే పని మెల్లగా నర్సుల చేతికి దిగింది.

మన దగ్గర ఆ నర్సులు ఎవరయ్యారన్నది వేరే వ్యాసమే అవుతుంది. 1883లో గుంటూరొచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో శిక్షణకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు, దిక్కులేని విధవలు. పైకులాల వాళ్ళు తమ కూతుళ్ళని పరాయివాళ్ళ పుళ్ళు కడగడానికి పంపలేదు. మంత్రసాని మీద ఉన్న చిన్నచూపు తెల్లబట్టలు వేసుకున్నా నర్సుని వదల్లేదు.

గుడ్డ గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకి వాడిన సెల్యూకాటన్ అనే చెక్కగుజ్జు దూదిని నర్సులు తమ బహిష్టుకి వాడుకున్నారు. యుద్ధం అయ్యాక కంపెనీ అదే సరుకుని 1920లో కోటెక్స్ పేరుతో అమ్మింది. మన ఇళ్ళలో పాత పంచె చింపితే ఒక ముక్క గాయానికి, ఒక ముక్క నెలసరికి వెళ్ళేది. ఒక నెత్తురు వీరత్వం, ఒకటి మైల, గుడ్డ మాత్రం ఒకటే.

ఈ విద్య ఇప్పుడూ స్థిరంగా లేదు. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగాల్లో, ఆరబెట్టిన గాయం కంటే తడి నిలిపిన గాయం త్వరగా చర్మం కడుతుందని తేలింది. ఆ తర్వాత కూడా ఎండిపోయిన గాజ్‌ని నెత్తురొచ్చేలా పీకడం చాలా వార్డుల్లో కొనసాగింది. ఇక 2022లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, మలద్వారం పక్కన గడ్డ కోసిన 433 మందిలో కొందరికి లోపల గాజ్ పెట్టారు, కొందరికి పెట్టలేదు. పెట్టనివాళ్ళకి నొప్పి తక్కువ, తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్ని గాయాలకీ ఇది వర్తించదు గానీ, ఎంత నొప్పిని మనం 'తప్పదు' అని భరించామో, భరించమని చెప్పామో లెక్కేసుకోవాలనిపించింది.

లెక్క అంటే గుర్తొచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తంమీద 21.5. కోత ఎంతమందికో సర్వేలో ఉంది. కుట్లు విచ్చుకున్నవాళ్ళ గుంటల్లో గాజ్ పరిచిన తల్లులు, అక్కలు, అత్తలు ఏ పట్టికలోనూ లేరు. ఆపరేషన్ అవగానే మంచం ఖాళీ చేయించడం ఆసుపత్రికి లాభం. మిగిలిన వైద్యం ఇంటికొస్తుంది, ఇల్లు అంటే ఎవరో అందరికీ తెలుసు.

మూడోవారంలో మా అల్లుడు ఆదివారం వచ్చినప్పుడు ఫోర్సెప్స్ అతని చేతికిచ్చాను. చెయ్యి వణికింది. మా అమ్మాయే పడుకుని చెప్పింది, ఇక్కడ మెల్లగా, అక్కడ ఇంకొంచెం అని. రెండోసారికి బాగానే చేశాడు. ఆ వారం అతను సెలవు పెట్టి ఉండిపోయాడు, నేను చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం నిద్రపోయాను.

మొత్తం 26 రోజులు పట్టింది. గుంట పైకి వస్తున్నకొద్దీ గాజ్ పేలిక మూరెడు నుంచి జానెడయ్యి, చివరికి బెత్తెడయ్యింది. తర్వాత అల్లుడు ఆఫీసు ఇన్సూరెన్సుకి కాగితాలు సర్దాడు. గాజ్, సెలైన్, ప్లాస్టరు, గ్లౌజులు, మందుల షాపు బిల్లులన్నీ వరసగా అతికించాడు. ఆసుపత్రిలో సిస్టర్ చేసిన ఆ రెండు రోజులకీ 'డ్రెస్సింగ్ చార్జీలు' అని విడిగా రశీదులున్నాయి, డబ్బు ఆసుపత్రి పేరున. మిగతా రోజులకి ఏం పెట్టాలని అతను నన్నడిగాడు. ఫారంలో ఆ గడే లేదు.