ప్రథమ చికిత్స నేర్పే అర్హత ఎవరిది?

ఆమదాలవలస చక్కెర కర్మాగారం నడిచిన రోజులను ఎరిగిన పాఠకులు ఒక చట్టాన్ని గుర్తు చేసుకోవాలి. 1948 నాటి కర్మాగారాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాల్సి వచ్చేది. దానిని గోడకు తగిలిస్తే సరిపోయేది కాదు. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన యోగ్యతాపత్రం కలవాడే దానికి బాధ్యుడిగా ఉండేవాడు.

మరి అతడికి నేర్పేదెవరు? 1878లో ఇంగ్లండులోని వూలిచ్‌లో సైనిక వైద్యుడు పీటర్ షెపర్డ్ సామాన్యులకు ఈ పాఠాలు చెప్పాడు. మరుసటి ఏడే జూలూ యుద్ధంలో మరణించాడు. ఆ బోధన సెయింట్ జాన్ అంబులెన్స్ ద్వారా మన రైల్వేలకూ చేరింది. తొలినాళ్ళలో బోధకులు వైద్యులే. అయితే వైద్యపట్టా ఒక్కటే చాలునా? పట్టా చేతికొచ్చాక కూడా త్రికోణపు కట్టు సరిగా కట్టడం నాకు నేర్పినవాడు ఒక కాంపౌండరు.