పరీక్షకు అందినది, అందనిది



మన మనుబోలు గూడూరుకూ నెల్లూరుకూ నడుమ రైలుదారి మీద ఉన్న ఊరు. ఈ జిల్లాలో మిషనుల చరిత్ర పాతది. శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరిరి. హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనువారు 1865లో జిల్లా దక్షిణ భాగమున పని ఆరంభించిరి. దేవాలయము కట్టినచోట బడి, వీలైనచోట ఆసుపత్రి వెలసినవి. అప్పటినుండి మన పెద్దలకొక ప్రశ్న ఎదురయినది: మంచి పంతులు ఎవరు? మంచి నర్సు ఎవరు? వారిని తూచుట ఎట్లు?

బడి విషయములో దొరతనమువారు సులువైన కొలత చేపట్టిరి. ఇంగ్లండులో 1862లో వచ్చిన పద్ధతి ననుసరించి, 1868లో మద్రాసు రాజధానిలో ఫలితమును బట్టి గ్రాంటు ఇచ్చు నియమములు వచ్చినవి. అప్పుడు మన జిల్లా ఆ రాజధానిలోనిదే. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి ఒక్కొక్క బిడ్డను చదువులో, వ్రాతలో, లెక్కలలో పరీక్షించును. ఎందరు గట్టెక్కిరో లెక్కించి, దానిని బట్టి బడికి గ్రాంటు ఇచ్చెదరు. పరీక్ష బిడ్డకు, తీర్పు పంతులుకు! ఫలితమేమి? బిడ్డలచేత వల్లె వేయించుట పెరిగినది. తానే ఇన్‌స్పెక్టరైన ఆంగ్లకవి మాథ్యూ ఆర్నాల్డు ఈ పద్ధతిని బహిరంగముగా ఖండించెను. తుదకు ఇంగ్లండులోను, ఇక్కడను దీనిని విడిచిపెట్టిరి.

నర్సుల విషయములో మరియొక మార్గము కనబడెను. ఫ్లారెన్సు నైటింగేలు పేర 1860లో లండనులో తెరచిన శిక్షణాలయములో ప్రతి శిక్షితురాలికి నెలనెలా ఒక పట్టిక వ్రాసెడివారు. కట్టు కట్టుట మొదలగు పనులకు ఒక భాగము. వేళకు వచ్చుట, నెమ్మది, నమ్మకము, శుభ్రత మొదలగు గుణములకు మరియొక భాగము. తెలివి ఒక దినమున అడిగి తెలిసికొనవచ్చును. చేతిపని దగ్గర నిలిచి చూడవలెను. గుణము నెలల తరబడి చూచిన గాని తెలియదు. అయితే ఇందులోను ప్రమాదము లేకపోలేదు. పట్టిక వ్రాయు పెద్దకు ఒకరిపై అయిష్టమున్న యెడల ఆ బిడ్డ బ్రదుకు చెడును.

తరువాతివారు ఈ రెండు లోపములను సవరింప యత్నించిరి. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టము, 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినవి. అమెరికా పండితుడు బ్లూమ్, ఆయన సహచరులు 1956లో విద్యా లక్ష్యములను జ్ఞానము, మనోభావము, చేతి నేర్పు అని మూడుగా విభజించిరి. స్కాట్లండు వైద్యాచార్యుడు హార్డెన్ 1975లో ఒక క్రొత్త పరీక్ష వెల్లడించెను. విద్యార్థి ఒక్కొక్క బల్లకు పోయి, ఒక్కొక్క పని చేసి చూపవలెను. ఒక్కరు గాక పలువురు అందరినీ ఒకే పట్టికతో తూచెదరు. మన దేశములో 2019 నుండి వైద్యవిద్యలో నడవడి, నీతి, రోగితో మాటతీరు కూడ పాఠములైనవి.

ఈ చరిత్ర మనకేమి నేర్పుచున్నది? మన బడికి, ఆసుపత్రికి మనుష్యులను ఎన్నుకొనునప్పుడు సర్టిఫికెట్టు చూడుడి, అది అవసరము. కాని అంతటితో ఆగక, పని చేయుచుండగా చూడుడి. సిఫారసు వ్రాసిన ఒక్క పెద్దమనిషిని మాత్రమే గాక, వెనుకబెంచీ బిడ్డ తల్లిని, డబ్బులేని రోగిని కూడ అడుగుడి. ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన దినమున అందరును మంచివారే. ఆయన బండి వెళ్లిపోయిన మరునాడు ఎట్లున్నారో చూడవలసినది మనమే.