కోలారు: బంగారం ఎవరికి, మట్టి ఎవరికి?

కోలారు బంగారు గనుల చరిత్ర రాసినోళ్లు 1880లో దిగిన జాన్ టేలర్ కంపెనీని, 1902లో శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటును గొప్పగా చెప్తారు. మూడు కిలోమీటర్ల లోతుకి దిగిన కూలీల్లో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల దళితులని ఓ ముక్కలో దాటేస్తారు. 1930లో వేలిముద్రల రిజిస్ట్రేషన్‌కి ఎదురుతిరిగి సమ్మె చేసింది వీళ్లే.

బేతమంగళం దగ్గర పాలారు నీటిని ఆపి గనులకి తోడారు. రాయిని పిండి చేసి, సయనైడుతో బంగారం లాగి, మిగిలిన మట్టిని కూలీల ఇళ్ల దాపునే గుట్టలుగా పోశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. 3 కోట్ల టన్నులకు పైబడిన దిబ్బలు మిగిలాయి. సయనైడు ఎండకి కొంత విరుగుతుంది. రాతిలోంచి వచ్చిన లోహాలు విరగవు. గాలికి ఇళ్లలోకి, వానకి వాగుల్లోకీ చెరువుల్లోకీ చేరతాయి.

తాకితే నీళ్లు మైలపడతాయని మనల్ని బావికాడికి రానివ్వని సమాజమిది. నీళ్లను నిజంగా చెరిచిందెవరో ఈ దిబ్బలు చెప్తున్నాయి. గని మూతతో చరిత్ర ముగిసిందంటే మేం ఒప్పుకోం. 800 టన్నుల బంగారం లెక్క రాసిన పుటలోనే ఈ మట్టి లెక్కా రాయాలి. దిబ్బల్ని కట్టడి చేసి, మంచినీళ్లివ్వడం దయ కాదు, బాకీ.