కానాగంత లాటిన్ పేరైన కథ: విశాఖ తీరపు జీవజాల చిత్రాలు

భిలాయి ఉక్కు నగరంలో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా కానాగంత అనగానే ఆ ఇళ్ళలోని పెద్దవాళ్ళకు ఊరు గుర్తొస్తుంది. ఆ చేపకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రాస్ట్రెల్లిగర్ కనగుర్త. అందులో రెండో మాట మన తెలుగు పేరే. ఒక బెస్తవాడి మాట లాటిన్ పేరుగా మారడం వెనక విశాఖపట్నంలో గీసిన ఒక బొమ్మ ఉంది.

ఆ బొమ్మ గీయించినవాడు పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో చాలాకాలం వైద్యం చేసి, అక్కడ ప్లేగు వ్యాధిని దగ్గర నుంచి పరిశీలించినవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో ఉన్న తమ్ముడు క్లాడ్‌తో కలిసి 1782లో విశాఖపట్నం చేరాడు. మద్రాసు ప్రభుత్వంలో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా ఉన్న యొహాన్ కోనిగ్ 1785లో మరణించాక ఆ పని రస్సెల్‌కు అప్పగించారు. 1789లో తిరిగి వెళ్ళేదాకా ఈ తీరంలోని మొక్కల్ని, పాముల్ని, చేపల్ని సేకరించడం, వాటికి బొమ్మలు గీయించడం ఆయన వ్యాపకం.

పాముల మీద ఆయన ఆసక్తికి కారణం జనం ప్రాణాలు. ఏ పాము విషపుదో, ఏది కాదో తెలియక భయంతో అన్నిటినీ చంపడం, ప్రమాదకరమైన కాటును తేలిగ్గా తీసుకోవడం రెండూ జరిగేవి. బొమ్మ చూసి పామును గుర్తుపట్టగలిగితే చాలామందికి ఉపయోగమని ఆయన ఉద్దేశం. అలా తయారైన కోరమండల్ తీరపు పాముల గ్రంథం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో ఒక పాముకు ఆయన ఇచ్చిన పేరు 'కాటుక రేకుల పొడ'. ఒంటి మీద వరసగా నల్లంచు మచ్చలు ఉండే పాముకు ఆ పేరే ఒక చిత్రం. దాన్నే ఇప్పుడు రక్తపింజరి అంటున్నాం. ఇంగ్లిషులో అది రస్సెల్ పేరుతోనే చెలామణీలో ఉంది. పసుపు, నలుపు పట్టీలుండే మరో పామును 'బంగారు పాము'గా నమోదు చేశాడు. కట్లపాముల ప్రజాతికి ఉన్న బంగారస్ అనే పేరు అక్కడి నుంచే వచ్చింది.

1803లో వచ్చిన రెండో గ్రంథం విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణన. ఇందులో కూడా రస్సెల్ చేపలకు స్థానికుల పేర్లనే వాడాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1816లో కానాగంతకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నది ఈ పుస్తకంలోని చిత్రాన్నే. వాలుగ చేప కూడా ఇలాగే వల్లాగో అనే ప్రజాతి పేరుగా నిలిచిపోయింది.

ఇక్కడ బొమ్మ విలువ అర్థం చేసుకోవాలి. కెమెరాలు లేని రోజులవి. చేప నీళ్ళలోంచి తీసిన కాసేపటికే రంగు కోల్పోతుంది. సీసాలో భద్రపరిచినా అసలు వన్నె మిగలదు. రెక్కల్లో ముళ్ళు ఎన్ని, పొలుసుల వరస ఎలా ఉంది, తోక ఎంత చీలింది అన్నవి చిత్రకారుడు తప్పు గీస్తే శాస్త్రం కూడా తప్పుతుంది. అందుకే ఈ బొమ్మల్లో సముద్రం, ఇసుక, ఆకాశం కనిపించవు. తెల్లకాగితం మీద ఒక్క ప్రాణి మాత్రమే ఉంటుంది. అందం కోసం కాక ఆనవాలు కోసం గీసినవి కాబట్టే వాటిని ఇప్పటికీ సాక్ష్యంగా తీసుకుంటున్నారు.

ఇదే కాలంలో సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ మొక్కల మీద ఇదే పద్ధతిలో పనిచేశాడు. స్థానిక చిత్రకారుడిని ఎప్పుడూ తన దగ్గర ఉంచుకుని, తాజాగా కోసిన కొమ్మను, పువ్వును, కాయను విడివిడిగా గీయించాడు. ఆయన 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళిపోయాడు. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో ఆ చిత్రాల్లోంచి ఏరినవి 1795లో మొదలై 1820 దాకా మూడు సంపుటాలుగా, మూడు వందల పలకలతో అచ్చయ్యాయి. మొదటి సంపుటానికి ముందుమాట రాసింది రస్సెలే. సోమిద చెట్టు సోయ్‌మిడా అనే లాటిన్ ప్రజాతి పేరైందీ ఈ పరిశోధనల పుణ్యమే.

గ్రంథాల ముఖపత్రాల మీద రస్సెల్, రాక్స్‌బర్గ్‌ల పేర్లున్నాయి. చేతిలో కుంచె పట్టినవాళ్ళ పేర్లు లేవు. వల లాగి, చేప పేరు చెప్పినవాళ్ళ ఊసూ లేదు. కంపెనీ జమానాలో భారతీయ చిత్రకారుల పని చాలావరకు ఇలాగే యజమానుల ఖాతాలో జమైంది. తెలుగునాట చిత్రకళ చరిత్ర చెప్పేటప్పుడు ఆలయ కుడ్యచిత్రాలు, కలంకారీ, దామెర్ల రామారావు గుర్తొస్తారు. విశాఖలోను, సామర్లకోటలోను పనిచేసిన ఈ చేతులకు ఆ వరసలో చోటు ఇవ్వడం న్యాయం.

వాళ్ళ పేర్లు పుస్తకాలకెక్కకపోయినా వాళ్ళ భాష ఎక్కింది. జకార్తాలోనైనా, జాంజిబార్‌లోనైనా కానాగంతను నమోదు చేసే ఏ శాస్త్రవేత్తయినా కనగుర్త అనే రాయాలి. ఆ మాటను అంత దూరం మోసింది విశాఖలో ఒక చిత్రకారుడు గీసిన చేప బొమ్మ.