వాగ్గేయకారుఁడు - మేళము

సంగీతశాస్త్రమునందు ధాతువను పదమునకు వైయాకరణుల సంకేతము చెల్లదు. అచ్చట ధాతువనఁగా గేయభాగము, మాతువనఁగా వాగ్భాగము. ఈ రెంటిని తానే నిర్మింపఁజాలినవాఁడు వాగ్గేయకారుఁడు. 13వ శతాబ్దియందు దేవగిరి యాదవుల యాశ్రయమున నుండిన శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునందలి ప్రకీర్ణకాధ్యాయమున నీ లక్షణమును జెప్పి, మాతువు రమ్యమైనను ధాతువు మందమైనచో నట్టివాఁ డధముఁడనియు, పరుల ధాతువునందుఁ దన మాతువును గూర్చువాఁడు కుట్టికారుఁడనియు నిర్ణయించెను.

ఆ యధ్యాయముననే వృందలక్షణమును గలదు. ముఖ్యగాయకులు నలుగురు, వారితోఁ గలసి పాడు సమగాయనులు ఎనమండుగురు, పాడు స్త్రీలు పండ్రెండుగురు, పిల్లనగ్రోవివారు నలుగురు, మృదంగమువారు నలుగురు, వెరసి 32 మంది కూడినయది యుత్తమవృందము. వృందమునకు ఆఱు గుణములు చెప్పఁబడినవి: ముఖ్యుని ననుసరించుట, ఒండొరులతోఁ గలయుట, తాళమును దప్పకుండుట, ఒకరి గానము తెగినచోట మఱియొకరు నిర్వహించుట, మూఁడు స్థాయిలయందు వ్యాపింపఁగల శక్తి, కంఠములకు సాదృశ్యము. ఇందలి రెండవ గుణమునకు శాస్త్రకారుఁ డిడిన పేరు మిలనము. "మిల సంగమే" యను ధాతువునుండియే మన మేళశబ్దమును బుట్టినది.

ఒకే యధ్యాయమున నున్న యీ రెంటిలో వాగ్గేయకారునిఁ గూర్చి మన చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. మేళమును గూర్చి వ్రాసినది స్వల్పము. పాట కట్టినవాఁడు తన చుట్టు మేళము నెట్లు సమకూర్చుకొనెను? ఆ మేళము చెదరిన పిమ్మట పాట యేమయ్యెను? ఈ ప్రశ్నలను విచారించుటకు వడమాలపేట పరిసరములకంటెఁ దగినచోటు వేఱొకటి యుండదు. తిరుపతినుండి పుత్తూరు మీఁదుగాఁ జెన్నపట్టణమునకుఁ బోవు త్రోవలో నున్న యీ యూరికి ఒక దిక్కునఁ దిరుమల, మఱియొక దిక్కునఁ గార్వేటినగరము గలవు. మొదటిది తాళ్లపాక అన్నమాచార్యుని గానస్థానము. రెండవది సారంగపాణి పదములు పుట్టిన సంస్థానము.

అన్నమాచార్యుఁడు (1408-1503) తన మేళమును రెండు తెఱఁగులఁ బొందెనని తోఁచుచున్నది. మొదటిది కులక్రమాగతము. కుమారుఁడైన పెదతిరుమలాచార్యుఁడు, మనుమఁడైన చినతిరుమలాచార్యుఁడు తామును సంకీర్తనకర్తలే. దినమున కొక్క సంకీర్తనకుఁ దక్కువ గాకుండ స్వామికి విన్నవింపవలెనని తండ్రి కొడుకున కానతిచ్చెనని యైతిహ్యము. ఈ యింటి గానము రాగవిద్య నెఱిఁగినవారి గానము. రెండవది పల్లెలలో ముందే యున్న మేళము. ఆయన రచనలలో జాజర, గొబ్బి, ఏల, సువ్వి, ఉయ్యాల మొదలగు ఫణితులు గలవు. గొబ్బి సంక్రాంతినాళ్లలోఁ బడుచులు చుట్టుఁ దిరుగుచుఁ బాడునది. సువ్వి దంపుడువేళ రోఁకటిపోటునకుఁ దగినది. జాజర వసంతోత్సవమున గుంపులు పాడునది. ఒకరు చరణ మందింపఁగాఁ దక్కినవా రందఱు పల్లవి మాట నెత్తుకొనుట యీ పాటలకుఁ బ్రాణము. ఏకాకియైన గాయకుఁడు గొబ్బిపాటను నడపఁజాలఁడు. కావున నాచార్యుఁ డీ ఫణితులఁ గైకొన్నప్పుడే వానిని బాడు జనమునుగూడఁ దన మేళముగాఁ గైకొనెను. శార్ఙ్గదేవుని వృందమును గూర్చుటకు రాజుల ధనము గావలెను. ఈ వృందము వాకిళ్లలోను గళ్లములలోను ముందే సిద్ధమై యుండెను. వాగ్గేయకారుఁడే దానికడకుఁ బోయెను.

ఈ రెండు మేళముల గతియు వేఱువేఱయ్యెను. పెదతిరుమలాచార్యుని పూనికచే సంకీర్తనములు రాగిరేకులపైఁ జెక్కఁబడి తిరుమలలోని సంకీర్తనభాండాగారమునఁ జేరెను. 1922లో వానియున్కి లోకమునకుఁ దెలిసిన పిమ్మట, రెండువేలకు మించిన రేకులనుండి పండ్రెండువేలకు మించిన పాటలు లభించినవి. పాటకుఁ దలకట్టున రాగనామము గలదు; స్వరములు లేవు. చెక్కించినవారు వానిని విస్మరించిరని నిందింపరాదు. పాడుమేళ మెదుట నుండఁగా స్వరములు చెక్కవలసిన యక్కఱ వారికిఁ దోఁచి యుండదు. రేకులు నిలిచినవి, మేళము నిలువలేదు, మేళముతోడనే ధాతువును బోయినది. ఆచార్యుఁడు సంస్కృతమున రచించిన సంకీర్తనలక్షణము సైతము మూలరూపమున దొరకక, మనుమని తెనుఁగుసేఁతవలననే మనకుఁ దెలియుచున్నది.

రెండవ మేళపు పాటకుఁ గొంత మేలు గలిగినది. తాళ్లపాకవారిదిగాఁ బ్రసిద్ధమైన అచ్యుతుని జోలపాట రేకులు వెలువడకముందే తెలుఁగునాట నింటింటఁ బాడఁబడుచుండెను. దాని వరుస తొలినాఁటిదే యని చెప్పఁజాలము. గాని తల్లులు పాడుట మానలేదు. పండితమేళము తెగినచోట నింటిమేళము నిర్వహించెను.

కార్వేటినగరమునఁ గథ వేఱు. 18వ శతాబ్ది పూర్వభాగమున సారంగపాణి వేణుగోపాలాంకితముగాఁ గట్టిన పదములు జనుల వాడుకమాటలతో నిండినవి. పదమునకు మేళ మనఁగా నాట్యమేళము: నర్తకి, నట్టువుఁడు, మృదంగము, ముఖవీణ. ఇట్టి మేళములవారి నోటనే కొన్ని పదములు మనవఱకు వచ్చినవి. సంస్థానముల యాదరణము సన్నగిల్లుటయు, దేవదాసీ సమర్పణమును నిషేధించు మద్రాసు శాసనము 1947లో వచ్చుటయు నీ మేళములను జెదరఁజేసినవి. ఆ శాసనము స్త్రీల మేలునకై వచ్చినది, రావలసినదే. అయినను ఆ స్త్రీల కంఠములందున్న విద్య నాలించి వ్రాసికొన్నవారు కొలఁదిమంది యగుటచేఁ బెక్కు పదములకు మాతువే మిగిలినది.

దీనికి ప్రత్యుదాహరణము త్యాగరాజస్వామి (1767-1847). ఆయన శిష్యులు వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము అను మూఁడు తావులఁ బరంపరల నిలిపిరి. వాలాజాపేట వేంకటరమణభాగవతులు గురువు కృతులను వ్రాసి భద్రపఱచెను. ఆయన తాళపత్రములు, ప్రతులు మధురయందలి సౌరాష్ట్రసభకుఁ జేరినవి. రాగిరేకులు లేకున్నను త్యాగరాజుని గానము నిలిచినది. రాగికంటె శిష్యుని కంఠమే గట్టిదని యిందువలన స్పష్టమగుచున్నది.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893-1979) తిరుపతిలో నుండి యన్నమాచార్యుని సంకీర్తనములు కొన్నింటికి స్వరకల్పన చేసిరి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1978లో నన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిన పిమ్మట నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలగువా రా పనిని విస్తరింపఁజేసిరి. కొందఱు "ఇవి యాచార్యుని ధాతువులు గావు గదా" యని యాక్షేపింతురు. నిజమే. పరధాతువున మాతువును గూర్చువానికిఁ గుట్టికారుఁడని శాస్త్రమునఁ బేరు గలదు. పరమాతువునకు ధాతువును గూర్చువానికి నా పట్టునఁ బేరు గానరాదు. కాని వృందగుణములలో నాల్గవది వీరికిఁ జక్కఁగా నన్వయించును. తెగినచోట నిర్వహించువారు వృందములోనివారే. నాలుగు శతాబ్దుల యెడము గలిగినను వీ రన్నమాచార్యుని మేళమువారే యని నా సిద్ధాంతము.

చిత్తూరు సీమ పల్లెలలో నేఁడును ధనుర్మాసభజనలు, కోలాటములు, చెక్కభజనలు గలవు. ఆ కూటములఁ బల్లవి నందుకొనువారి పేర్లు, వారు పాడు వరుసలు, ఎవరికడ నేర్చిరను వివరము, వాద్యములు పట్టువారి వివరము ఏ గ్రంథమున నున్నవి? మాతువును సంస్కరించి ముద్రించుటతోఁ బరిష్కర్త పని ముగియదు. పాఠశాలలయందలి పండితులు తమ తమ యూళ్ల మేళములను వినుచు, వరుసలను యంత్రమున నెక్కించి, పాడినవారి పేర్లను వారి యనుమతితో వ్రాసి యుంచిరేని, రేకులు చేయలేని పని చేసినవా రగుదురు.