గాన్: రహస్య స్థావరం నుంచి విమానాశ్రయం దాకా

మాల్దీవుల దక్షిణ కొసన, భూమధ్యరేఖకు దిగువన ఉన్న అడ్డూ పగడపు దీవుల్లో గాన్ ఒకటి. జపాన్ ముప్పును ఊహించి 1941లో బ్రిటిష్ నౌకాదళం ఇక్కడ ‘పోర్ట్ టి’ అనే రహస్య పేరుతో స్థావరం నిర్మించింది. సముద్రం నుంచి లోపలికి వచ్చే దారులకు కాపలాగా తీరాన ఫిరంగులు, నీటిలో వలలు ఏర్పాటు చేసింది.

1942 ఏప్రిల్ 5న కొలంబోపై, మరునాడు విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అడ్డూ మాత్రం వాటి కంట పడలేదు. అయితే 1944 మార్చిలో జర్మన్ జలాంతర్గామి యు-183 వలల సందులోంచి టార్పెడో వదిలి, లోపల లంగరు వేసి ఉన్న ‘బ్రిటిష్ లాయల్టీ’ ట్యాంకరును దెబ్బతీసింది.

యుద్ధానంతరం వెళ్లిపోయిన బ్రిటన్, వైమానిక స్థావరం కోసం 1957లో తిరిగొచ్చింది. గాన్ వాసులను పక్కనున్న ఫేదూ దీవికి తరలించారు. స్థావరంలో దొరికిన ఉపాధి, మాలే పెత్తనంపై పెరిగిన ఆగ్రహం 1959లో సువాదీవ్ వేర్పాటుకు దారితీశాయి. 1963లో ఆ ప్రయత్నం ముగిసింది. 1976లో బ్రిటిష్ సేనలు నిష్క్రమించడంతో స్థానికుల జీతాలూ ఆగిపోయాయి. నాటి రన్‌వే నేడు అంతర్జాతీయ విమానాశ్రయం. తరలిపోయిన గాన్ వాసుల ఊరు మాత్రం మళ్లీ వెలియలేదు.