కైమాలో మాంసం ఎక్కడుంది?

కార్తీకం వచ్చిందంటే నరసరావుపేట నుంచి మాచర్ల దాకా చాలా ఇళ్లల్లో నీసు ఆగిపోతుంది. అయ్యప్పమాలో శివమాలో వేసుకున్నవాళ్లున్న ఇంట్లో అయితే గిన్నెలు కూడా వేరే. పెద్దవాళ్లకు నియమం అలవాటే. పిల్లలకే నెల గడవదు. వాళ్లకోసం బన్ను అడ్డంగా చీల్చి, పెనం మీద కాల్చి, మధ్యలో ఎర్రగా గుజ్జుగా ఉడికిన మీల్ మేకర్ కూర పెట్టి ఇచ్చే ఇళ్లున్నాయి. అమెరికాలో పెరుగుతున్న మనవలూ మనవరాళ్లూ బడి భోజనంలో చూసే ‘స్లాపీ జో’కి ఇది దగ్గరి చుట్టం. అక్కడ గొడ్డుమాంసం, ఇక్కడ సోయా. ఇంట్లో మాత్రం దీన్ని మీల్ మేకర్ కైమా అంటారు. ఆ పేరు విని ‘మాంసం లేకుండా కైమా ఏంటమ్మా?’ అని అడిగే పెద్దమనిషి ప్రతి బంధుగణంలోనూ ఉంటాడు. ఆయన ప్రశ్న తీసిపారేయదగింది కాదు. మాటకూ వస్తువుకూ పొంతన ఉండాలన్న పట్టుదల అందులో ఉంది. ఆ పట్టుదలను గౌరవించాలంటే కైమా అనే మాటనే విప్పి చూడాలి.

ఈ మాట మనది కాదు, సంస్కృతానిదీ కాదు. దాని మూలం తురుష్క భాషలో ఉంది. అక్కడ ‘కియ్‌మక్’ అంటే సన్నగా తరగడం. తరిగింది ‘కియ్‌మా’. అక్కడి నుంచి పారశీకంలోకి వచ్చి ‘ఖీమ’ అయింది. అక్బరు కొలువులో అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీ వంటల పట్టీలో ఖీమ పులావు, ఖీమ షోర్బా కనిపిస్తాయి. ఉర్దూలో అది కీమా. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో సమోసా లోపల, లుఖ్మీ లోపల ఉండేది ఆ కీమాయే. మన కోస్తా వైపు, తమిళంలో మాత్రం కైమా అయింది. విచిత్రం ఏమిటంటే పడమటి దిక్కుగా పోయిన అదే మాట గ్రీకులో ‘కిమాస్’ అయితే, బల్గేరియాలో అచ్చం మనలాగే ‘కైమా’ అయింది. గురజాల వంటింట్లోనూ సోఫియా నగరం వంటింట్లోనూ ఒకే మాట, ఒకే అర్థం. మధ్యలో ఎన్ని వేల మైళ్లున్నా తరిగే కత్తి ఒకటే కదా!

ఇరాన్‌లో నేటికీ ‘ఖెయ్‌మె’ అనే పులుసుకూర వండుతారు. అందులో మాంసం చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. దానితోపాటు పసుపుపచ్చని బఠాణీ పప్పు తప్పకుండా ఉంటుంది. మన కైమా ఉండల్లో పుట్నాలపప్పు పొడి కలిపే అలవాటు గుర్తుకొస్తే తప్పు లేదు. కైమాకు పప్పుతో స్నేహం ఈనాటిది కాదు.

తెలుగు చెవికి ‘కై’ అనగానే చెయ్యి తోస్తుంది. కైదండ, కైవసం, కైసేత అన్న మాటల్లోని కై అదే. కైమా కూడా చేత్తో తరిగిందని ఎవరైనా చెబితే వినడానికి ఎంతో బాగుంటుంది, కానీ నిజం కాదు. అది కేవలం ధ్వని పోలిక. అయినా పొరుగు మాటకు మన నోట్లో ఇంత సులువుగా చోటు దొరకడానికి ఇలాంటి పోలికలు సాయపడతాయని నా నమ్మకం.

ఇక తరగడం దగ్గరకు వద్దాం. నా ఆసక్తి అంతా ఇక్కడే. తెలుగులో ముక్కలు చేసే క్రియలు ఎన్నో. కూర తరుగుతాం, కాయ కోస్తాం, కొబ్బరి కోరుతాం, మామిడి తురుముతాం, మిరపకాయలు దంచుతాం, పచ్చడి నూరుతాం, ఉడికిన బంగాళదుంప చిదుముతాం. మాంసం మాత్రం కొడతాం. ‘మొద్దు మీద పెట్టి కైమా కొట్టించుకురా’ అనడమే పల్నాటి వాడుక. కొట్టడం అనే ఈ క్రియ వల్లనే సినిమాలో ప్రతినాయకుడు ‘కైమా చేసేస్తా’ అని బెదిరించగలుగుతున్నాడు. తురుష్క భాషలోనూ కియ్‌మక్‌కి కనికరం లేకుండా ప్రాణం తీయడం అనే అర్థం ఉంది. రెండు భాషలూ ఒకదానికొకటి చెప్పుకోకుండానే కత్తి నుంచి క్రౌర్యానికి నడిచాయి.

కానీ కొట్టడం మాంసానికే పరిమితమా? గోదావరి జిల్లాల్లో పనసపొట్టు ఉంది. లేత పనసకాయ చెక్కు తీసి, కత్తితో వరసగా దెబ్బలు వేస్తూ పొట్టు కొడతారు. అది నూటికి నూరుపాళ్లూ కైమా కొట్టే పనే. దెబ్బ అదే, కత్తి అదే, వచ్చే నలుసు కూడా దాదాపు అంతే. పెళ్లిలో, వ్రతంలో, ఉల్లి ముట్టని ఇళ్లలో సైతం వడ్డించే ఆ పనసపొట్టు కూరను పనసకాయ కైమా అని ఎవరూ అనలేదు. అనవలసిన పని రాలేదు, తెలుగు మాట ముందే ఉంది. పల్నాటి రాతినేలలో పనస లేదు కాబట్టి ఆ మాటా మా వైపు వంటల్లో లేదు. సోయా వచ్చినప్పుడు సన్నగా చిదిమిన తిండికి దగ్గర్లో ఉన్న పేరు కైమా ఒక్కటే. దాన్నే తీసుకున్నారు.

మాంసం ఒక మాటను పట్టుకుంటే వదలదు. ‘ముక్క’ చూడండి. ముక్క అంటే ఏ వస్తువు తునకైనా సరే. బెల్లం ముక్క, కాగితం ముక్క, మామిడికాయ ముక్క. కానీ ‘ముక్క లేనిదే ముద్ద దిగదు’ అన్నప్పుడు అది మాంసమే. ‘కూర’ చూడండి. గోగుకు పక్కన కూర చేరితే గోంగూర అయింది. అందులో కూర అంటే ఆకు. ఆకుకూర, కూరగాయ అన్న మాటల్లోనూ అది నేలలోంచి మొలిచిందే. అదే కూర తెలంగాణ పల్లెల్లో మాంసానికి పేరైంది. అక్కడ ‘కూర తెచ్చినవా?’ అంటే తోటకూర తెచ్చావా అని కాదు. ఇంగ్లీషు ‘మీట్’ కథా ఇదే. ఒకప్పుడు ఆ మాటకు ఆహారం అని మాత్రమే అర్థం. 1611 నాటి బైబిలు అనువాదంలో ఆకులకూ విత్తనాలకూ అదే మాట వాడారు. తర్వాతి కాలంలో అది మాంసం దగ్గర స్థిరపడిపోయింది. మిఠాయిని ‘స్వీట్‌మీట్’ అనడంలో మాత్రం పాత అర్థం ఇంకా బతికుంది.

దారి అటునుంచి ఇటూ ఉంది. సంస్కృతంలో మాంసం అన్న మాటకు పండులోని గుజ్జు అనే అర్థం కూడా ఉంది, సుశ్రుతుడి వైద్యగ్రంథంలో ఆ వాడుక ఉంది. మనం మామిడికాయకు మంచి కండ ఉందంటాం. ఆ మాట అన్నవాడు మామిడి కాయకు మాంసం అంటగట్టలేదు. ఈ లెక్కన చూస్తే కైమా అన్న పేరులో మొదటినుంచీ ఉన్నది తరగడం. మాంసం తర్వాత వచ్చి ఆ పేరులో కూర్చుంది. మీల్ మేకర్ కైమా అనే ఇల్లాలు దొంగపేరు పెట్టడం లేదు. మాటను దాని పుట్టింటి అర్థానికి తీసుకుపోతోంది.

మరి మీల్ మేకర్? సంచి మీద సోయా చంక్స్ అని ఉన్నా కిరాణా కొట్లో అడిగేది మీల్ మేకర్ అనే. ఉత్తరాదిలో ఈ మాట చెబితే తెలియదు, మనకూ తమిళులకూ ఇది ఇంటి మాట. హాస్టల్ మెస్సుల్లో, పెళ్లి పలావుల్లో, సాయంత్రం బళ్ల దగ్గర నూడుల్స్ పక్కన అది లేని చోటు లేదు. ‘మీల్స్ రెడీ’ బోర్డులు చూసి పెరిగినవాళ్లం కాబట్టి మీల్ అంటే మనకు భోజనం. ఇంగ్లీషులో రెండు మీల్‌లున్నాయి, రెండింటికీ పుట్టుక వేరు. ఒకటి భోజనం, దాని పాత అర్థం వేళ. రెండోది పిండి, అది మిల్లు అనే మాటకు తోబుట్టువు. సోయా గింజల్లోంచి నూనె తీశాక మిగిలేదాన్ని వ్యాపారులు సోయా మీల్ అంటారు. ఆ పిండినే తడిపి, వేడి మీద ఒత్తిడి పెట్టి రంధ్రాలగుండా తోస్తే బయటికి రాగానే ఉబ్బి, లోపల పీచు పీచుగా ఏర్పడుతుంది. 1960ల్లో అమెరికాలో ఏడీఎం కంపెనీ ఈ పద్ధతిని వ్యాపారంలోకి తెచ్చింది. ఎండిన మీల్ మేకర్‌లో సగం బరువు మాంసకృత్తులే. ఈ ‘మాంసకృత్తులు’ అన్న పారిభాషిక పదాన్ని ఒక్కసారి చూడండి. ప్రోటీనుకు తెలుగు చేసినప్పుడు పప్పులో ఉన్నదానికి కూడా మాంసం పేరే పెట్టాం.

నూనె తీసిన పిండి తినడం మనకు కొత్త కాదు. నువ్వుల నుంచి నూనె ఆడించాక మిగిలే తెలికపిండిని మునగాకుతో కలిపి కూర చేయడం, బాలింతలకు పెట్టడం కోస్తాలో పాత వాడుక. తెలిక అంటే గానుగ ఆడించేవాడు. ఆ పనివాడి పేరు ఆ పిండిలో నిలిచిపోయింది. మీల్ మేకర్ వరసకు తెలికపిండికి తమ్ముడే. ఇన్ని కిరాణా కొట్లు తిరిగే మాట పక్కన ఈ పాత మాటనూ బతికించుకోవాలని నాకు గట్టి కోరిక.

బన్ను సంగతీ చెప్పాలి. దానికి ముందు కంచంలో ఉన్నది జొన్న. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాడు జొన్నకూటి సీమ. అదే సీమలో బ్రహ్మనాయుడి పేర చాపకూడు అనే మాట నిలిచింది. కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తిన్న కూడు అది. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారెంపూడి వీరుల తిరునాళ్లలో నేటికీ చాపకూడు పెడతారు. జొన్నకూడు, చాపకూడు రెండూ గౌరవంగా వాడిన మాటలే. ఇప్పుడు కూడు అంటే చిన్నతనంగా వినిపిస్తోంది. తిండి అంటాం, భోజనం అంటాం, మీల్స్ అంటాం. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలాక కుడికాలువ కింద వరి పండింది, జొన్నరొట్టె వెనక్కి తగ్గింది. మైదా బన్ను అంతకన్నా తర్వాతి అతిథి. నేలమీద పంట మారినప్పుడల్లా కంచంలో మాట మారింది.

స్లాపీ జో పేరులోనూ మాంసం లేదు. స్లాపీ అంటే కారిపోతూ చిందరవందరగా ఉన్నది. జో ఎవరన్నది తేలలేదు. అయోవా రాష్ట్రం సూ సిటీ వాళ్లు తమవాడంటారు, హవానాలోని మద్యశాల పేరునుంచి వచ్చిందని మరికొందరంటారు. శాండ్‌విచ్ అన్నది ఇంగ్లండులో ఒక ఊరు, ఆ ఊరిపేర బిరుదున్న ప్రభువు వల్ల తిండికి పేరైంది. 1969లో హంట్స్ కంపెనీ స్లాపీ జోకి కావలసిన సాస్‌ను డబ్బాలో పోసి మ్యాన్‌విచ్ అని అమ్మింది. ఆ డబ్బాలోనూ మాంసం ఉండదు, టమాటా పులుసే ఉంటుంది. మాంసం కొన్నవాళ్లు కలుపుకోవాలి.

మీల్ మేకర్ కైమా ఇంట్లో చేసుకునేవాళ్లకు తెలుగులో ఒక మాట దారి చూపుతుంది. అది ఇగురు. ఇగురుట అంటే నీరు ఆవిరై ఇంకిపోవడం. పులుసు పెడితే బన్ను నానిపోతుంది, వేపుడైతే నోట్లో పొడిబారుతుంది. కావలసింది ఇగురే. మీల్ మేకర్‌ను ఉప్పు వేసిన వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి, పిడికిట్లో పెట్టి గట్టిగా పిండాలి. ఈ పిండడంలో బద్ధకిస్తే సోయా పచ్చివాసన పోదు. తర్వాత మిక్సీలో ఒక్క తిప్పు, పలుకుగా ఉండాలి, మెత్తన కాకూడదు. ముందు విడిగా నూనెలో ఎర్రబడేదాకా వేయించి తీయాలి. అదే బాండీలో ఉల్లి, అల్లంవెల్లుల్లి, పసుపు, మన గుంటూరు కారం, టమాటా మగ్గాక మీల్ మేకర్ కలిపి, చింతపండు రసం కొద్దిగా, బెల్లం చిటికెడు వేయాలి. సీసా కెచప్ చేసే పని ఆ రెండూ ఇంతకన్నా బాగా చేస్తాయి. నూనె అంచుల్లో తేలి, గరిటె లాగితే అడుగు కనిపించినప్పుడు ఇగిరినట్టు. కొత్తిమీర చల్లి, కాల్చిన బన్నులో వెంటనే పెట్టాలి.

పేర్ల గొడవ మన ఇళ్లలోనే లేదు. ఐరోపా న్యాయస్థానం 2017లో మొక్కల నుంచి చేసినవాటికి పాలు, వెన్న అన్న పేర్లు పెట్టి అమ్మరాదంది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం 2018లో మీట్ అన్న పేరు వాడకంపై చట్టం చేసింది. మాంసం లేనిదాన్ని బర్గర్ అనరాదన్న ప్రతిపాదనను ఐరోపా పార్లమెంటు 2020లో తోసిపుచ్చింది, అయినా వాదన చల్లారలేదు. కొనేవాడు మోసపోకూడదన్న వాదంలో న్యాయముంది. ‘కైమా’ అని మాత్రమే రాసి సోయా అమ్మితే అది మోసమే. కానీ ముందు మీల్ మేకర్ అని ఉన్నప్పుడు దాపరికం ఎక్కడుంది? మొదటి మాట దేనితో చేశారో చెప్పింది, రెండో మాట ఎలా చేశారో చెప్పింది. దాన్ని ఉత్తుత్తి కైమా అనకండి, నకిలీ కైమా అనకండి. మీల్ మేకర్ కైమా అన్నది తప్పులేని తెలుగు, కార్తీకంలోనైనా కనుమనాడైనా.